ఏడు నిమిషాల కార్వై

ఏడు నిమిషాలు తీసేశాడు. నలభై ఒక్క నిమిషాల వాయింపులో ఏడు నిమిషాలు ఎక్కువైపోయాయట ఆ మహానుభావుడికి. తీసేసినవాడు నోరు మూసుకుని ఊరుకోకుండా, ఏదో మేలు చేసినట్టు పొద్దున్నే మెసేజ్ కూడా పెట్టాడు, చివర చేతులు జోడించిన బొమ్మతో సహా, “అక్కా, నాయన వాయించింది క్లీన్ చేసినాను, సూపర్‌గా వచ్చినాది, ఈపొద్దు ఫంక్షన్‌లో ఇదే ప్లే చేస్తాము” అని. క్లీన్ చేశాడట. యాభై ఏళ్లు డోలు వాయించిన మనిషి చేతికింద ఏం మురికి కనబడిందో వాడికి. బస్సు కార్వేటినగరం దాటి పుత్తూరు రోడ్డెక్కింది. నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు, ఇస్త్రీ పంచె, నిన్న సాయంత్రం నేను గీసిన గడ్డం, నుదుట నామం. పనిచేయని కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు, ఎవరిదో వస్తువు కాసేపు పట్టుకోమంటే పట్టుకున్నట్టు. పదకొండు గంటలకు తిరుపతిలో ఆయనకు శాలువా కప్పుతారు, ఆయన ఆఖరుసారి వాయించింది మైకుల్లో వినిపిస్తారు. అందులో ఏడు నిమిషాలు లేవని ఆయనకు తెలియదు. నాకు తెలుసు. ఫోను నా గుప్పిట్లో చెమటకు జారిపోతోంది.

బస్టాండులో ఆయన టీ తాగుతుంటే నేను అంగడి వెనక్కి పోయి విన్నాను. రెండు నిమిషాలు వినేసరికి కాలు మెట్టు తప్పినట్టయింది, మెట్టు ఉంటుందనుకుని అడుగేస్తే అక్కడ మెట్టు లేదు. మళ్లీ మొదట్నించి పెట్టాను. మళ్లీ అంతే. దెబ్బల మీద దెబ్బలు, ఒకదాని మెడ మీద ఇంకొకటి, మా నాయన ఎవరో తరుముతుంటే పారిపోతూ వాయించినట్టుంది. మెసేజ్ పెట్టిన గిరికి ఫోన్ చేశాను. చెడ్డవాడు కాదు గిరి, అదే నా మంట, చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ముప్ఫై ఐదేళ్లవాడు, ఇద్దరు పిల్లలు, సొంతంగా చిన్న స్టూడియో పెట్టుకున్నాడు, నాయనకు చెయ్యి పడిపోకముందు తనే ఊరికి వచ్చి, కాళ్లకు దండం పెట్టి, మీ వాయింపు రికార్డు చేసుకుంటానని తీసుకుపోయాడు. “సైలెన్స్ శానా ఉండాదక్కా. నేను తీసింది కాదు, సాఫ్ట్‌వేరే పట్టుకుని తీసేస్తాది, అర సెకను దాటితే సాలు. రెండు సెకన్లు ఏమీ ఇనబడకపోతే జనాలు ఫోను చెడిపోయినాదనుకుంటారు, స్కిప్ కొట్టేస్తారు” అన్నాడు. అసలుది పంపించమన్నాను. “అసలుది యాడుండాదక్కా, డిస్కు నిండిపోతే పోయిన నెలే తీసేసినాను. అయినా ఒక్క దెబ్బ కూడా పోలేదక్కా, నువ్వే లెక్కపెట్టుకో. తీసింది ఖాళీయే కదా.”

తీసింది ఖాళీయే కదా. ఆ మాట బస్సు ఎక్కి కూర్చున్నప్పటినుంచి చెవిలో తిరుగుతోంది. ముందు సీటులో ఒకావిడ ఫోను గట్టిగా పెట్టుకుని వీడియోలు చూస్తోంది, ఒకటి అయీ అవకముందే ఇంకొకటి, నవ్వు, దానిమీద పాట, దానిమీద ఎవడో అరుపు. మా నాయన దాన్ని ఎప్పుడూ ఖాళీ అనలేదు. కార్వై అంటాడు. అరవం మాట, తిరుత్తణి నుంచి ఇటువైపు మేళగాళ్లందరూ అనే మాట. దెబ్బకూ దెబ్బకూ మధ్య చెయ్యి ఆగుతుంది, లోపల లెక్క మాత్రం ఆగదు, అది. తాళంలో ఒక్కో లెక్క ఒక మాత్ర, రెండు మాత్రల కార్వై ఉంటుంది, ఐదు మాత్రలది ఉంటుంది, ఒక్కోసారి తాళం మొత్తం ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా డోలు మీద చెయ్యి ఆనించి కూర్చుంటాడు, కూర్చున్నవాళ్లందరి గుండెలూ ఆయన చేతికింద ఉన్నట్టుంటుంది. ఎంతసేపూ వాయించేవాడు వాయిస్తాడు పాపా, అందులో ఏముంది, ఎప్పుడు వాయించకూడదో తెలిసినవాడిని చూపించు, అనేవాడు. గిరికి ఇది చెప్పొచ్చు. చెబితే కెమెరా పెట్టి, ఇదే మాట ఇంకోసారి చెప్పండక్కా అంటాడు, తరువాత నేను ఆగిన చోటల్లా కోసేస్తాడు.

అప్పుడు నాకు పదేళ్లు, తమ్ముడు మునికుమార్‌కు ఎనిమిది. తెల్లవారుజామున ఇద్దరినీ లేపేవాడు. వాడి మెడలో చిన్న డోలు, నాకేమో ఎదురుగా చాప. ఆడపిల్ల డోలు మెళ్లో వేసుకుంటే నలుగురూ నవ్వుతారని మా అమ్మ తిరుమలమ్మ అంటే, నాయన అవునన్నాడు. అవునన్నాడు, అది కూడా నేను మరిచిపోలేదు, ఇవాళ గిరి మీద ఉన్న కోపంలో కొంత ఈయన మీద పాతబాకీ. నా పని చేత్తో తాళం వేయడం. ఒక దెబ్బ, మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ, ఆ తరువాత అరచెయ్యి వెల్లకిలా తిప్పి గాలిలో చూపించడం, ఆ రెండూ ఇంకోసారి, ఎనిమిది మాత్రలకు ఒక చుట్టు. ఆ తిప్పేది చప్పుడు లేని దెబ్బ, దానికీ లెక్కలో సమానంగా చోటుంది. మునికుమార్‌కు ఓపిక లేదు, కార్వై వస్తే చాలు వాడి వేళ్లు దురద పెట్టినట్టు ఏదో ఒకటి టకటకమని పూడ్చేసేవాడు. పన్నెండేళ్లు తిరక్కుండానే డోలు దించేశాడు, ఇప్పుడు నగరిలో డీజే పెట్టెలు అద్దెకిస్తాడు. నేను మాత్రం ఎదురుగా కూర్చున్నాను. “వాయించేది నేను, ఖాళీ నీది పాపా, పారేసుకోవద్దు” అన్నాడు ఒకరోజు నాయన. ఆయన నోట ఖాళీ అన్న మాట అదొక్కసారే, నాకు ఇచ్చేటప్పుడు మాత్రమే. తమ్ముడికి డోలు, నాకు ఖాళీ. ఆ వయసులో నాకు ఏడుపొచ్చేది. డోలు కర్ర పట్టుకోవాలని, వేళ్లకు మేళగాళ్ల గట్టి తొడుగులు తొడుక్కోవాలని ఉండేది, ఆయన లేనప్పుడు ఒకసారి తొడుక్కున్నాను కూడా, నా వేళ్లకు వదులు.

పెళ్లిళ్లలో ఆయన వెనక నేనూ పోయేదాన్ని, తాళం కోసం. పెళ్లిళ్లలో జనానికి కావాల్సింది గట్టిమేళం ఒక్కటే. తాళి కట్టే వేళకు అయ్యవారు వేలెత్తి ఊపుతాడు, మేళగాళ్లు చెవులు పగిలేలా వాయించాలి, ఎవరి తుమ్మూ ఎవరి పాడుమాటా వినబడకూడదు. అది మూసెయ్యడానికి వాయించేది. దాన్నే మొత్తం వాయింపు అనుకుంటారు. చిత్తూరులో ఒక పెళ్లిలో ముహూర్తానికి ఇంకా గంట ఉంది, నాయన నెమ్మదిగా వాయిస్తూ ఒకచోట ఆగాడు, ఆరు మాత్రల కార్వై, నా చెయ్యి గాలిలో తిరుగుతోంది, పెళ్లికొడుకు మేనమామ తాంబూలం నములుతూ వచ్చి, “ఏమప్పా మేళగాడా, నిద్రపోయినావా? ఊరికే కూర్చోడానికా పిలిపించింది?” అన్నాడు. నవ్వినవాళ్లు నవ్వారు. నాయన ఆయన వైపు చూడలేదు, నా చెయ్యి వైపే చూశాడు, ఆరో మాత్ర కాగానే సరిగ్గా ఎత్తుకున్నాడు. నాకు ఇప్పుడు నలభై రెండేళ్లు, ఆ మేనమామ బతికి ఉన్నాడో లేదో తెలియదు, ఉంటే ఈ బస్సులో ఎక్కితే బాగుండు, నాకు వాడితో పని ఉంది.

ఎక్కడ చూసినా వాడే కదా. శ్రీ సిటీలో నేను చేసే వైర్ల కంపెనీలో, లైనులో చెయ్యి పది సెకన్లు ఆగితే ఎర్ర దీపం వెలుగుతుంది. ఐడిల్ అంటారు. సూపర్‌వైజర్ భానుప్రియ, నాకన్నా పదిహేనేళ్లు చిన్నది, పరుగెత్తుకొస్తుంది, “ఏమైందక్కా, ఎందుకు ఆగినావు?” ఏమీ కాలేదు తల్లీ, ఒక వైరు అయింది, ఇంకో వైరు అందుకోవాలి, మధ్యలో ఊపిరి ఒకటి ఉంటుంది కదా. ఆ ఊపిరి ఎర్ర దీపం. ఇంటికొస్తే టీవీ, రోడ్డు మీద హారన్లు, ఆస్పత్రి వరండాలో కూడా పాటలు. ఎవడికీ రెండు సెకన్లు ఊరికే ఉండడం చేతకాదు, అంత భయం దేనికో. ఆగితే ఏం వినబడుతుందని ఈ భయం?

“యాడికి పెద్దాయనా?” కండక్టర్ వచ్చాడు. నాయన నోరు తెరిచాడు. పోయిన మార్గశిరంలో పక్షవాతంతో కుడివైపు పడిపోయినప్పటినుంచి ఆయనకు మాట ఆలస్యం, తెలియక కాదు, వస్తుంది, కొంచెం ఆగితే వస్తుంది. నేను లోపల లెక్కపెడుతున్నాను, ఒకటి, రెండు, మూడో మాత్రకు తి అనే అక్షరం పెదవుల మీదికి వచ్చేసింది, కండక్టర్ “తిరుపతేలే” అని టికెట్ కొట్టి చేతిలో పెట్టి పోయాడు. ఆడవాళ్లకు ఉచితం కదా, నాకేమో ఆధార్ చూసి సున్నా టికెట్. నాయన తెరిచిన నోరు మూసుకున్నాడు. అందరూ ఇంతే. డాక్టరమ్మ, కోడలు, చూడ్డానికి వచ్చిన చుట్టాలు, అందరూ ఆయన మాటను ఆయనకన్నా ముందే అనేస్తారు, అనేసి సాయం చేశామనుకుంటారు. సగం సార్లు తప్పు. ఉప్మా అనబోతే కాఫీ తెచ్చిపెడతారు. ఆయనా తాగేస్తాడు. ఒక్కటి మాత్రం వదల్లేదు. తెల్లవారుజామున మంచం పట్టె మీద ఎడమచేత్తో తాళం వేసుకుంటాడు, డోలు లేదు, పాట లేదు, లోపలే వాయించుకుంటాడు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతాడు. ఎవరు పరామర్శకు వచ్చినా, ఎంతసేపైనా పట్టనీ, ఈ ఒక్క వాక్యం పూర్తిగా చెప్పి తీరతాడు. “చెయ్యి పోయినాది. లెక్క పోలేదు.”

“పాపా.” నాయన నా ఫోను వైపు చూస్తున్నాడు. “గిరి పంపించినాడా?” అబద్ధం చెప్పొచ్చు. చార్జింగ్ లేదని చెప్పాను కూడా, ఆయన ఫోను మీద వెలుగుతున్న అంకె వైపు చూసి నవ్వాడు. హాల్లో విందువులే నాయనా అన్నాను. “పదిమందిలో ఏమి ఇనబడతాది? ఈడనే ఇంటాను, ఇయ్యి” అన్నాడు, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ. రికార్డింగ్ రోజు గుర్తుకొచ్చింది. గోడలన్నీ దూదిపరుపులు తొడిగిన గది. శ్రుతిపెట్టె వద్దన్నాడు, తాళాలూ వద్దన్నాడు, మా పాప ఎదురుగా కూర్చుంటే చాలు అన్నాడు. నలభై ఒక్క నిమిషాలు నేను చప్పుడు కాకుండా గాలిలో తాళం వేశాను, ఆయన వాయించాడు, ఆయన ఆగినప్పుడల్లా ఆ గదిలో ఇద్దరి ఊపిరి తప్ప ఏమీ లేదు. అయిపోయాక చెమట తుడుచుకుంటూ, ఈరోజు కార్వైలు కుదిరినాయి పాపా అన్నాడు. దెబ్బలు కుదిరాయని అనలేదు. పది రోజులకు చెయ్యి పడిపోయింది. అంటే ఆ గదిలో జరిగింది ఇంక మళ్లీ లేదు, ఆ ఊపిరితో సహా లేదు, డిస్కు నిండిపోయిందని తీసేశాడు.

పుత్తూరు వచ్చింది. కట్టు కట్టించుకోవడానికి చేతులూ కాళ్లూ విరిగినవాళ్లు దిగుతున్నారు, కట్టు కట్టించుకున్నవాళ్లు ఎక్కుతున్నారు. నాయన ఎడమచెయ్యి చాపి నా ముందు ఉంచాడు, వెనక్కి తీసుకోవడం లేదు. ఇచ్చేశాను. విననీ. వింటాడు, మండిపడతాడు, తిరుపతిలో దిగి ఆ గిరి చొక్కా పట్టుకుని అడుగుతాడు, మాట రాకపోతే నేను అడుగుతాను. కోపమైనా వస్తే మంచిదే, ఏడాదిగా ఈ మనిషికి కోపం కూడా రాలేదు అనుకున్నాను. ఇయర్‌ఫోన్లలో ఒకటి ఆయన చెవిలో పెట్టి, రెండోది నా చెవిలో పెట్టుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని ఎడమచేత్తో తొడ మీద తాళం మొదలుపెట్టాడు.

మొదటి చుట్టు బాగానే ఉంది. రెండో చుట్టు చివర మూడు మాత్రలు ఆగాలి, ఆయన అరచెయ్యి వెల్లకిలా తిరిగింది, తిరిగి గాలిలో ఉండగానే అవతల దెబ్బ పడిపోయింది. చెయ్యి ఉలిక్కిపడింది. తొందరగా దించి మళ్లీ పట్టుకున్నాడు. నాలుగో చుట్టులో మళ్లీ అంతే. ఈసారి కనుబొమలు ముడిపడ్డాయి, పెదవులు కదులుతున్నాయి, లెక్కపెట్టుకుంటున్నాడు, చెవిలో పడేదానికి అందుకోవాలని పరుగెత్తుతున్నాడు. ఆ చెయ్యి ఎత్తడం, ఎక్కడ దించాలో తెలియక గాలిలోనే ఉండిపోవడం, నా కళ్లముందే. ఐదు నిమిషాలు కూడా వినలేదు. చెవిలోది తీసి ఫోనుతో సహా నా చేతిలో పెట్టాడు. కిటికీ వైపు తిరిగాడు. కోపం వస్తుందని చూస్తున్నాను. చాలాసేపటికి, చాలా నెమ్మదిగా, “పోయినాది పాపా. లెక్క కూడా పోయినాది” అన్నాడు.

అయ్యో దేవుడా, అది కాదు. అది కాదు నాయనా, వాడు కోసేసినాడు, నువ్వు ఆగిన చోటల్లా మిషను పెట్టి కోసేసినాడు, తప్పు నీది కాదు. గట్టిగానే అన్నట్టున్నాను, ముందు సీటు ఆవిడ వెనక్కి తిరిగింది. నాయన నావైపు జాలిగా చూశాడు, నామీద జాలి, నేనేదో ఆయన్ని ఓదార్చడానికి కథ కడుతున్నట్టు. “కార్వైని ఎవురన్నా కోస్తారామ్మా?” అన్నాడు. దెబ్బను కోస్తారంటే నమ్మేవాడు. ఎవడైనా కూర్చుని, కార్వైని వెతికి వెతికి పట్టుకుని కోసిపారేస్తాడని ఆయన ఊహకు అందదు, ఎట్లా అందుతుంది, అది ఆయన దృష్టిలో వాయింపు కదా, డోలులో సగం కదా. దానికన్నా తన తల చెడిందని నమ్మడం ఆయనకు సులువైంది. నాకు గిరిని పట్టుకుని కొట్టాలనిపించింది. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాడెవడో వాడిని, స్కిప్ కొట్టే జనాన్ని, ఆ చిత్తూరు మేనమామను, ఎర్ర దీపాన్ని, అందరినీ వరసగా నిలబెట్టి, ఈ ముసలాయన ముఖం చూడండ్రా అని చూపించాలనిపించింది. ఒక చెయ్యి తీసుకుపోయింది జబ్బు, సరే, జబ్బుకు బుద్ధి లేదు. మిగిలిన ఒక్కదాన్నీ తీసుకుపోయింది మీరు, ఎక్కడో చల్లని గదిలో కూర్చుని, మంచి చేస్తున్నామనుకుని.

వడమాలపేట టోల్‌గేటు దగ్గర బస్సు ఆగింది. ఫోను తెర మీద రెండు నిలువు గీతల గుర్తు కనబడుతోంది. నొక్కితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే కదులుతుంది. దాన్ని ఎంతసేపు చూశానో తెలియదు. వాడు ఎక్కడెక్కడ కోశాడో వాడికి తెలియదు, మిషనుకు తెలియదు. నాకు తెలుసు. మరీ చిన్నవి వేలికి అందవు, అవెంతలే, పోనీ. పెద్దవి వందకు పైనే ఉన్నాయి, ప్రతిదీ ఎన్ని మాత్రలో, ఏ దెబ్బ తరువాతో, నిద్రలో లేపి అడిగినా చెబుతాను, ముప్ఫై ఏళ్లు ఎదురుగా కూర్చున్నది నేను. వద్దు అంటున్నా వినకుండా ఆయన చెవిలో మళ్లీ పెట్టాను. చివరి ముక్తాయింపు దగ్గరికి జరిపాను, అక్కడ ఒకే వరసను మూడుసార్లు వాయించి ముగిస్తాడు, మధ్య రెండు కార్వైలు, ఒక్కొక్కటి ఐదు మాత్రలు. ఆయన ఎడమచెయ్యి తీసి నా మోకాలి మీద పెట్టుకున్నాను. మొదటిసారి వరస అయింది, ఆఖరు దెబ్బ పడింది, బొటనవేలు నొక్కింది.

బస్సు వినబడింది. ఇంజను, కండక్టర్ విజిల్, ముందు సీటు ఆవిడ ఫోనులో నవ్వు, ఎవరో చంటిబిడ్డ దగ్గు, వాటన్నిటి కిందా నాయన ఊపిరి. రెండు, మూడు, నా మోకాలి మీద ఆయన వేళ్లు కదిలాయి, నాలుగు, అరచెయ్యి వెల్లకిలా తిరిగింది, ఐదు, వదిలాను. దెబ్బా ఆయన చెయ్యీ ఒకేసారి పడ్డాయి. ఆయన కళ్లు తెరవలేదు, కానీ నడుము నిటారయింది. రెండోసారి వరస. మళ్లీ నొక్కాను. ఈసారి టోల్‌గేటు దాటిన బస్సు ఎగిరిపడింది, నా కళ్లలో నీళ్లు, తెర అలికినట్టుంది, అయినా లెక్కపెట్టాను, వదిలాను. మూడోసారి వరస ఉరుకుతూ వచ్చి చివరి దెబ్బ మీద నిలిచింది. అక్కడ ఆయన పద్ధతి ఒకటుంది, అయిపోయాక కూడా తాళం ఒక చుట్టు తిరిగేదాకా చెయ్యి ఎత్తడు. ఆ చుట్టు మొత్తం గిరి తీసేశాడు, దానికి ఏ గుర్తూ నొక్కక్కర్లేదు. ఇద్దరం ఎనిమిది మాత్రలు కూర్చున్నాం.

నాయన కళ్లు తెరిచాడు. నావైపు తిరిగి నోరు తెరిచాడు, మాట రాలేదు. ముందు సీటు ఆవిడ, “ఏమి కావాలంట తాతకు? నీళ్లు కావాలంటాడేమో” అంది. నేను చెయ్యెత్తి ఆమెను ఆపాను. మర్యాదగా ఆపానో లేదో తెలియదు. మూడు మాత్రలు అయ్యాయి, నాలుగు, ఐదు, నాకేం తొందర లేదు, తిరుపతి దాకా ఇట్లాగే కూర్చోమన్నా కూర్చుంటాను.

“రెండో కార్వై” అన్నాడు నాయన. ఆగాడు. “అర మాత్ర ముందే వదిలినావు.”

బస్సు ఎగిరిపడినప్పుడు. అవును. వదిలాను. ఆ అర మాత్రను ఆయన పట్టుకున్నాడు. నా జన్మలో ఎవరి చేత తిట్టు తిన్నా ఇంత సంతోషం కలగలేదు, ఏడుస్తున్నానో నవ్వుతున్నానో ముందు సీటు ఆవిడకే తెలియాలి, చూస్తూనే ఉంది కదా. “మల్లా పెట్టు” అన్నాడు, ముఖంలో చిరాకు, పాత చిరాకు, చాప మీద నేను తప్పు చేసినప్పటిది. “మొదట్నించి. తొందరపడొద్దు.”

ఒక్క నిమిషం నాయనా అని గిరికి ఫోన్ చేశాను. “అక్కా, యాడుండారు, లోకేశ్వరక్కా, హాలు నిండిపోయినాది” అంటున్నాడు. వాడు అన్నది పూర్తయ్యేదాకా ఆగి చెప్పాను. “నాయనది వేసేటప్పుడు నువ్వు పక్కన నిలబడుకో గిరీ. ల్యాప్‌టాప్ ముందర నేనే కూర్చుంటాను. నలభై ఒక్క నిమిషం పడతాది, పనులున్నోళ్లను ముందే ఎళ్లిపొమ్మను.”

“నలభై ఒకటి యాడుండాదక్కా? ముప్ఫై నాలుగే కదా.”

“నీ దగ్గర ముప్ఫై నాలుగు ఉండాది. ఏడు నేను తెస్తా ఉండాను.”

అటువైపు గిరి ఏమీ మాట్లాడలేదు. నేను తొందరపెట్టలేదు.